తొలిముద్ద నొప్పి

చందానగర్,
11 ఆగస్టు 2025, సోమవారం.

చిరంజీవి సంయుక్తకు,

ఇవాళ పొద్దున్నే ఒక వింత చూశాను. పొయ్యి మీద పాలు పెట్టి ఆ సెగలో కాసేపు నిలబడ్డాను. చెంగుతో మొహం తుడుచుకుంటే కుడి చెంపే తడి. ఎడమ చెంప పౌడరు అద్దినట్టు పొడిగా ఉంది. అద్దం దగ్గరికి పరిగెత్తాను. నుదుటి మీద చెమట సరిగ్గా నడిమికి వచ్చి ఆగిపోయింది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. ఫ్యాను ఆపి మళ్లీ చూశాను. అంతే. నా మొహంలో సగానికి ఉక్కపోత లేదు.

దవడ వెనక, మెడ లోపల పెరిగిన గడ్డ తీసేసి ఇవాళ్టికి మూడు వారాలు. చెడ్డ గడ్డ కాదని రిపోర్టు వచ్చింది కాబట్టి మీ నాన్న స్వీట్లు పంచాడు. ఎడమ కనురెప్ప మాత్రం సగం వాలిపోయింది. నిన్న కూరగాయల బండివాడు "ఏందమ్మా, కన్ను కొడ్తున్నవ్?" అని నవ్వాడు. యాభై రెండేళ్ల దాన్ని. తోటకూర తీసుకోకుండానే వచ్చేశాను.

అసలు బాధ అది కాదు. పొద్దున మొదటి ముద్ద నోట్లో పెట్టగానే ఎడమ చెవి కింద పట్టకారుతో పట్టి మెలిపెట్టినట్టు నొప్పి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మూడో ముద్దకి కొంచెం తగ్గుతుంది. ఆరో ముద్దకి ఏమీ ఉండదు. మధ్యాహ్నం మళ్లీ మొదటి ముద్దకి మొదలు. మీ నాన్నతో అంటే "ఆకలి మీద ఆబగా తింటావక్కా, అందుకే" అన్నాడు.

వచ్చే సోమవారం పనిలోకి వెళ్లాలి. నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. గచ్చిబౌలిలో ఆ అద్దాల మేడ కంపెనీ క్యాంటీన్లో రోజూ మూడు వేల మంది భోంచేస్తారు. పదకొండున్నరకి గంగాళాలన్నీ వరసగా పెట్టి, కంపెనీ తరఫున క్యాంటీన్ చూసుకునే సురేంద్ర గారిని పిలుస్తాం. ఆయనకి కడుపులో పుండు, కారం తినరు. కాబట్టి ఆయన ఎదురుగా నేను ఒక్కో దాంట్లోంచి గరిటె తీసుకుని రుచి చూడాలి. ఆయన వంట వైపు చూడరు, నా మొహమే చూస్తారు. కర్నూలు మనిషి. "మీ మొగమే నాకు సర్టిఫికెట్టక్కా" అంటారు. కరివేపాకు దూసే బల్ల దగ్గర చేరిన నాకు ఆ గరిటె అందడానికి పదకొండేళ్లు పట్టింది. ఇప్పుడు గరిటె నోట్లో పెట్టగానే మొహం వంకర పోతే ఏం చేయను?

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితాల జిరాక్సు పెడుతున్నాను. అన్నీ ఇంగ్లీషు. మీ నాన్న చదివి "ఏం లేదు, అంతా బాగానే ఉంది" అన్నాడు. ఏం లేకపోతే మూడు పేజీలు ఎందుకు రాస్తారు? ఒక్క వాక్యం కూడా వదలకుండా నాకు తెలుగులో రాసి పంపు. మీ హాస్టల్లో ఫోన్లు ఉండవు కాబట్టి నాకు ఉత్తరం రాసే యోగం పట్టింది, అదొక మేలు.

నీ అత్తయ్య,
రాజరాజేశ్వరి


బాచుపల్లి హాస్టల్,
17 ఆగస్టు, ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యకు,

"పూజ్యులైన" అనాలని తెలుగు సార్ చెప్పారు. నాకు "ప్రియమైన" అనాలని ఉంది. రెండూ ఉన్నాయనుకుని చదువుకోండి.

మీ ఉత్తరం గురువారం వచ్చింది. వార్డెన్ మేడం ముందు తాను చదివి, "మీ అత్త భలే రాస్తుందే, కన్ను కొట్టే ముక్క బాగుంది" అంటూ ఇచ్చారు. మా ఉత్తరాలన్నీ ఆవిడ చదివాకే మాకు చేరతాయి. పట్టించుకోకండి.

మూడు రోజులు స్టడీ అవర్లో భౌతికశాస్త్రం పుస్తకం చాటున మీ కాగితాలు చదివాను. అర్థం కానివి జువాలజీ వాసంతి మేడంని అడిగాను. విషయం ఇదీ. మెడలో రెండు వైపులా సన్నటి నరాల గొలుసులు కిందికి దిగుతాయి. కనురెప్పను ఎత్తి పట్టేది, ముఖానికి చెమట పోయించేది, చెవి ముందున్న లాలాజల గ్రంథిని అదుపులో పెట్టేది అవే. మీ గడ్డ ఎడమ గొలుసు మీదే పుట్టింది. అనుమానం ఉన్నా, లోపలికి వెళ్లి చూసేదాకా డాక్టర్లకే కచ్చితంగా తెలియలేదట. అక్కడ గడ్డ రావడం చాలా అరుదని వాళ్లే రాశారు. అరుదు! అత్తయ్యా, మన ఇంట్లో ఇంతవరకు అరుదైనదంటూ ఏదీ లేదు. నిజం చెబితే నాకు కొంచెం అసూయగా ఉంది.

గొలుసును కోయక తప్పలేదు. కోశామని రాయలేదు, "త్యాగం చేశాం" అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాశారు. ఎంత అందమైన మాటో! ఎవరి త్యాగం మేడం, డాక్టరుదా మా అత్తదా అని అడిగితే "నీట్ పరీక్షలో ఇది రాదు, కూర్చో" అన్నారు.

ఇక మీ నొప్పి. అదుపు తప్పిన గ్రంథి మొదటి ముద్ద తగలగానే ఒక్కసారిగా బిగుసుకుంటుంది, పిక్క పట్టేసినట్టు. నములుతూ ఉంటే సడలుతుంది. విరామం ఇస్తే మళ్లీ మొదటికే. పులుపుకి ఎక్కువ. దీనికి ఇంగ్లీషులో పేరు కూడా ఉంది. నేను "తొలిముద్ద నొప్పి" అని తెలుగు చేశాను. బాగుందా?

ఒక్క వాక్యం కూడా వదలొద్దన్నారు కాబట్టి చివరి పేజీలోది కూడా రాస్తున్నాను. "కనురెప్ప వాలవచ్చని, ముఖంలో ఒక సగం చెమట పట్టకపోవచ్చని, తినేటప్పుడు నొప్పి రావచ్చని ఆపరేషన్‌కు ముందే రోగి తమ్ముడికి వివరించాం. ఆయన అంగీకరించారు." కింద నాన్న సంతకం ఉంది.

మీ గరిటెకి ఉపాయం కూడా ఆలోచించాను. సార్ రాకముందే స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి ఐదు ముద్దలు తినేయండి. అప్పుడు ఆయన ఎదురుగా పెట్టుకునేది మొదటిది కాదు, ఆరోది. మొహం కదలదు! ఎన్ని గంటల విరామానికి నొప్పి తిరిగొస్తుందో, పదికి ఎంత ఉంటుందో రోజూ రాసి పంపండి. నేను నోట్‌బుక్ పెట్టాను.

మీ మేనకోడలు,
సంయుక్త


చందానగర్,
23 ఆగస్టు, శనివారం.

సంయుక్తా,

మీ నాన్న నీ ఉత్తరం బుధవారం తెచ్చి ఇచ్చాడు. అప్పటికే సోమ, మంగళవారాలు దాటిపోయాయి.

సోమవారం సాంబారుతో మొదలుపెట్టాను. గరిటె నోట్లో పెట్టానో లేదో, చెవి కింద ఆ పట్టకారు. మొహం ఎటు పోయిందో నాకే తెలియదు. సురేంద్ర గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏంటికక్కా అట్ల పెట్టినారు మొగం? చెడిపోయిందా?"

"లేదండీ, బాగానే ఉంది."

"బాగుంటే కండ్లల్లో నీళ్లేంటికి? నా కోసరం మింగొద్దు, ఊసేయండి."

మా వంటమనిషి మొగిలి పక్కనే ఉన్నాడు. "సాంబార్ల బల్లి వడ్డదా ఏందమ్మా?" అన్నాడు నవ్వుతూ. ఆ మాటతో రెండు గంగాళాల సాంబారు మోరీలో పోయించారు. మంచి సాంబారు, సంయుక్తా. మునక్కాడలు నేనే ఏరి తెప్పించాను. మంగళవారం పెరుగుపచ్చడి పోయింది.

బుధవారం నీ ఉత్తరం చదివాను. గురువారం నువ్వు చెప్పినట్టే చేశాను. స్టోర్‌రూమ్‌లో పప్పుల బస్తాల వెనక నిలబడి ఐదు ముద్దలు తిన్నాను. మొదటి ముద్దకి బస్తాని పట్టుకున్నాను. ఆరోది సురేంద్ర గారి ఎదురుగా. మొహం అద్దంలా ఉంది. ఆయన "హమ్మయ్య, మా అక్క వచ్చేసింది" అన్నారు. నువ్వు డాక్టరువి అవుతావు.

నీ లెక్క కోసం రాస్తున్నాను. అరగంట విరామానికి నొప్పి పదికి రెండు. గంటకి ఐదు. రెండు గంటలు దాటితే పదికి పది. నిమ్మకాయకి పదికి పదకొండు.

మీ నాన్న అదే రోజు కాఫీ తాగుతుంటే చివరి పేజీ చూపించాను.

"రవీ, నీకు ఇదంతా ముందే తెలుసా?"

"డాక్టర్లు వంద చెబుతారక్కా. అన్నీ నీకు చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్నో లేదో నేను కదా చెప్పాలి?"

"నీ మంచి కోసమేగా చేశాను."

"మొహం నాది రా."

కాఫీ సగం వదిలేసి వెళ్లిపోయాడు. నిన్న ఆస్పత్రికి వెళ్తే డాక్టరు గారు కూడా "మీ బ్రదర్‌కి చెప్పామండీ" అన్నారు, నా భుజం మీదుగా గోడను చూస్తూ. కొన్నాళ్లకి దానంతటదే తగ్గొచ్చట.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ ఐదు ముద్దల సంగతి ఎవరితోనూ అనకు. సురేంద్ర గారికి తెలిసిందా, గరిటె మర్నాడే మొగిలి చేతికి వెళ్తుంది. నాకు ఇంట్లో మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ గరిటె ఒక్కటే ఉంది.

నీ అత్తయ్య


బాచుపల్లి,
7 సెప్టెంబరు, ఆదివారం.

పూజ్యులు, ప్రియమైనవారు అయిన అత్తయ్యకు,

కూర్చుని చదవండి. కూర్చున్నారా? నా రచన అచ్చయింది!

ఒక దినపత్రిక విద్యార్థుల పేజీ వాళ్లు "నేను చూసిన వింత" అని పోటీ పెట్టారు. మా తెలుగు సార్ అందరినీ రాయమన్నారు. పిల్లలందరూ గ్రహణం గురించి, రెండు తలల దూడ గురించి రాశారు. నేను మీ గురించి రాశాను. మొదటి బహుమతి! నిన్న ప్రార్థనా సమయంలో సార్ మైకులో చదివి వినిపించారు. "ఆమె ముఖంలో సగం వేసవి, సగం శీతాకాలం" అన్న చోట హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు ఇంతవరకు తెలియదు అత్తయ్యా. నేను పెట్టిన మాటలకి నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టారు.

ఎవరితోనూ చెప్పొద్దన్నారు. నాకు గుర్తుంది. నేను చెప్పలేదు. రాశాను. అదీ పేరు మార్చి. రాజరాజేశ్వరి అని పెట్టకుండా కామేశ్వరి అని పెట్టాను. సార్ మొదటి ప్రతి చూసి "వివరం లేకపోతే రచన గాలిబుడగ" అన్నారు. అందుకని మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. గచ్చిబౌలి, గంగాళాలు, పప్పుల బస్తాల వెనక ఐదు ముద్దలు, అన్నీ.

మీ విరామాల లెక్క చూసి వాసంతి మేడం ఆశ్చర్యపోయారు. "ఇంత శ్రద్ధగా రాసే రోగి ఏ డాక్టరుకీ దొరకదు" అన్నారు. చారుకి, పులుసుకి తేడా ఉందేమో కూడా చూడండి.

పేపరు ముక్క ఇందులో పెడుతున్నాను. నాన్న రాగానే ఆయనకీ ఒకటి ఇచ్చాను. చదువుతుంటే ఆయన కళ్లు తడిశాయి. మీరు నాన్నతో మాట్లాడటం లేదని చెప్పారు. ఇది చదివాకైనా మాట్లాడండి. దీంట్లో తమ్ముడు సంతకం చేసిన సంగతి మాత్రం రాయలేదు, నాన్న బాధపడతారని.

రచయిత్రి (!)
సంయుక్త


చందానగర్,
10 సెప్టెంబరు, బుధవారం.

సంయుక్తకు,

నీ ఉత్తరం సోమవారం సాయంత్రం నా చేతికి వచ్చింది. నీ రచన అంతకంటే ముందు, ఆ రోజు పదకొండున్నరకే, వంటశాలకి వచ్చింది.

మీ నాన్న ఆదివారమే దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. "నా బంగారుతల్లి రచన" అని, పక్కన మూడు చప్పట్లు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సురేంద్ర గారు నా కబురు కోసం మీ నాన్నకే ఫోన్ చేసేవారు. ఆ నంబరు ఆయన దగ్గర ఉంది.

నేను ఐదు ముద్దలు తిని, మూతి తుడుచుకుని బయటికి వచ్చాను. ఆయన ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అక్కా, ఈ కామేశ్వరమ్మ ఎవురో మీకు తెలుసునా?"

"తెలియదండీ" అన్నాను. పదహారేళ్లలో ఆయన ముందు నేను ఆడిన మొదటి అబద్ధం అది.

"ఇప్పుడు తినే వచ్చినారా?"

నోట్లో ఇంకా పప్పు వాసన ఉంది.

"నాకు మీరు తినిన దానికి కోపం లేదక్కా. మూడు వారాలు నా ముందర యాక్టింగ్ చేసినారే, దానికి."

ఆ ఫోన్ చేతులు మారింది. మొగిలి దాంట్లో ఒక వాక్యం పైకి చదివాడు. "ఆమె ఎడమ కన్ను సగం దించిన దుకాణం షట్టరులా ఉంటుంది." గిన్నెలు కడిగే పార్వతమ్మకి వినబడలేదంటే మళ్లీ చదివాడు. ఆవిడ నవ్వింది, నన్ను చూసి నాలుక కరుచుకుంది. రెండు రోజులుగా వంటశాలలో నా పేరు షట్టరమ్మ.

వచ్చే సోమవారం కంపెనీ పెద్దలు ఇద్దరు వస్తారట. ఏమీ తినకుండా వాళ్ల ముందు గరిటె పట్టాలట. ఈ పని నాతో అవుతుందో లేదో అప్పుడు తేలుస్తారట. ఇంకా నాలుగు రోజులుంది. రెండు గంటలకోసారి ఒక నిమ్మబద్ద, చేతిలో అద్దం. ఎంత నొప్పి వచ్చినా ఒక్క నరం కూడా కదలకుండా మొహాన్ని ఉంచడం నేర్చుకుంటున్నాను. ఇవాళ్టికి పెదవులు మాట విన్నాయి. కనుబొమ్మ ఇంకా వినడం లేదు.

నీ రచన బాగుంది. పేరు మార్చకుండా ఉండాల్సింది. అప్పుడు కనీసం నన్ను అడిగి ఉండేదానివి.

ఇట్లు,
కామేశ్వరి


బాచుపల్లి,
14 సెప్టెంబరు, ఆదివారం.

అత్తయ్యా,

"క్షమించండి" అని పన్నెండుసార్లు రాసి కొట్టేశాను. ప్రతిసారీ ఆ మాట అందంగా కనబడింది. అందుకే కొట్టేశాను.

ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మిగతాది తర్వాత తిట్టండి. నేను ఏడుస్తుంటే వాసంతి మేడం ఏమైందని అడిగారు. అంతా చెప్పాను. మీరు మొహం కదలకుండా సాధన చేస్తున్నారని కూడా చెప్పాను. మేడం ఒకటే అడిగారు. "సరే, ఆ నొప్పిలో మీ అత్తకి ఉప్పు తెలుస్తుందా?"

నేను మిమ్మల్ని ఎప్పుడూ అది అడగలేదు. నొప్పి పదికి ఎంత అని అడిగాను, ఎన్ని గంటలు అని అడిగాను. రుచి తెలుస్తోందా అని అడగలేదు. మీ పని రుచి చూడటం కదా! సురేంద్ర సార్ సోమవారం చూడాలనుకుంటున్నది మీ మొహం కాదేమో అత్తయ్యా.

అద్దం పక్కన పెట్టండి. ఉప్పు వేసిన అన్నం, వేయని అన్నం రెండు గిన్నెల్లో పెట్టుకుని, రెండు గంటలు ఏమీ తినకుండా ఉండి, కళ్లు మూసుకుని ఒక ముద్ద తిని చూడండి. ఏది ఏదో తెలియకపోతే రేపు గరిటె పట్టేముందే ఆయనకి చెప్పేయండి. "మొదటి ఐదు గరిటెలు నా నొప్పివి, ఆరో గరిటె నుంచి నన్ను అడగండి" అని. అంతే. అది అబద్ధం కాదు, నటన కాదు. నేను మొదటి ఉత్తరంలోనే ఈ సలహా ఇవ్వాల్సింది. దాక్కుని తినమని ఇచ్చాను.

ఆ గ్రంథిలోకి ఒక సూది ఇస్తే కొన్ని నెలలు నొప్పి తగ్గుతుందని కూడా మేడం చదివి చెప్పారు. డాక్టరు గారిని మీరే అడగండి.

కవరు మీద "వెంటనే చదవండి" అని ఎర్ర పెన్నుతో రాశాను. నాన్న ఈ సాయంత్రమే ఇస్తానన్నారు.

సంయుక్త


చందానగర్,
17 సెప్టెంబరు, బుధవారం.

సంయుక్తకు,

ఆదివారం సాయంత్రం మీ నాన్న కవరును తలుపు కిందనుంచి తోసి వెళ్లాడు. దాని మీద నీ చేతిరాత, ఎర్ర సిరా చూశాను. ఇంకో బహుమతేమో అనుకుని ఫ్రిజ్ మీద పడేశాను.

సోమవారం పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మొగిలి రెండుసార్లు నా దగ్గరికి వచ్చాడు. "రాజేశ్వరమ్మా, మొఖం సంగతి ఇడిసిపెట్టు. జర నాలుక మీద ధ్యానం వెట్టు" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

పదకొండున్నరకి ఆ ఇద్దరూ వచ్చారు, మెడలో కంపెనీ గుర్తింపు బిళ్లలు వేసుకుని. సురేంద్ర గారు పుస్తకం తెరిచారు. మొదట పప్పు. గరిటె నోట్లో పెట్టాను. చెవి కింద నిప్పు. నేను ఎదురుగోడ మీద ఒక టైలు పలకనే చూస్తూ ఉన్నాను. పెదవి కదల్లేదు. కనుబొమ్మ కదల్లేదు. కన్ను చెమ్మగిల్లలేదు. నాలుగు రోజులు నిమ్మబద్దలు నమిలినందుకు నా మొహం నా మాట విన్నది.

"బాగుంది" అన్నాను.

సాంబారు. "బాగుంది." బెండకాయ వేపుడు. "బాగుంది." వచ్చినవాళ్లలో ఒకాయన "ఈవిడకి ఏ సమస్యా లేదే" అని కూడా అన్నారు. లోపల గెలిచాను అనుకున్నాను.

సురేంద్ర గారు పెన్ను మూత పెట్టారు.

"అక్కా, పప్పులో ఉప్పు లేదు. నేనే వేయొద్దంటిని."

మొగిలి నేల చూశాడు. నేను ఇంకో గరిటె తీసుకున్నాను. ఇంకోటి. ఇంకోటి. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఆరో గరిటెకి తెలిసింది. ఒట్టి పప్పు. పసిపిల్లలకి పెట్టే పప్పులా చప్పగా ఉంది.

"ఉప్పు లేదు" అన్నాను.

"అదే నేను చెప్తినక్కా" అన్నారు ఆయన, చాలా మెల్లగా. అరిచినా బాగుండేది.

ఇంటికి వచ్చి నీ కవరు చింపాను. ఉప్పు వేసిన అన్నం, వేయని అన్నం. నువ్వు సరిగ్గానే రాశావు. నాకు నువ్వు రాసిన వాటిలో అన్నిటికన్నా మంచి ఉత్తరం అదే. చదవనిది అదొక్కటే.

మంగళవారం నుంచి నన్ను కరివేపాకు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జీతం అంతే, చేతిలో గరిటె లేదు. అది మొగిలికి ఇచ్చారు.

రాజరాజేశ్వరి


బాచుపల్లి,
21 సెప్టెంబరు, ఆదివారం.

అత్తయ్యా,

నోట్‌బుక్ చింపేశాను. బహుమతిగా వచ్చిన నిఘంటువు వార్డెన్ మేడంకి ఇచ్చేశాను. వచ్చే ఆదివారం మాకు బయటికి వదులుతారు. నేను నాన్నతో గచ్చిబౌలి వచ్చి సురేంద్ర సార్‌ని కలుస్తాను. ఆ ఐదు ముద్దల సలహా నాదని, ఆరో గరిటె సంగతి నిజమని చెబుతాను. నేను చెబితే వింటారు.

సంయుక్త


చందానగర్,
24 సెప్టెంబరు, బుధవారం.

సంయుక్తకు,

రావద్దు.

ఆరో గరిటె సంగతి సురేంద్ర గారికి నేనే చెప్పాను. అంతా విన్నారు. "ఇది ముందే చెప్పింటే సరిపోయేది కదక్కా. ఇప్పుడు చెప్తే మావాళ్లు ఇంకో కథ అనుకుంటారు" అన్నారు. ఆయన తప్పు నాకేమీ కనబడలేదు. సూది సంగతి డాక్టరు గారిని అడిగాను. తమ్ముణ్ణి తీసుకురమ్మన్నారు. నేను కదలకుండా కుర్చీలోనే కూర్చుంటే అప్పుడు నాకే చెప్పారు. సంక్రాంతి దాటాక చూద్దామట.

నిఘంటువు తిరిగి తీసుకో. అది వార్డెన్‌కి ఎందుకు?

నిన్న వంట అయిపోయాక మొగిలి నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక కరివేపాకు రెమ్మ తీసుకుని దూస్తూ నిలబడ్డాడు.

"ఇయ్యాల చారెట్లుంది?" అని అడిగాడు.

"ఉప్పు రెండుసార్లు పడింది. నోట్లో పెట్టుకోలేకపోయాను. నువ్వెలా ఒప్పుకున్నావు?"

"నాకు తెల్వలే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇరవయ్యేండ్ల సంది జర్దా నములుతున్న. నాలుక ఎన్నడో సచ్చింది. మొఖం మాత్రం మస్తు వెట్టిన. సార్ ఖుష్."

"అయితే నన్నేం చేయమంటావు?"

"నీది నాలుక, నాది మొఖం. జర ముందుగాల నువ్వు చూసి చెప్పు. నేను పోయి సార్ ముంగట నిలవడ్త."

"పేరు?"

"పేరు నాదే ఉంటది మరి" అన్నాడు. సిగ్గేమీ లేదు, వాడికి అది లెక్క.

"నన్ను షట్టరమ్మ అని పిలిచింది నువ్వే కదరా?"

"పిలిచిన. ఇగ పిలువ."

"పిలువు. మానేస్తే అనుమానం వస్తుంది."

ఎందుకు ఒప్పుకున్నానో నిన్ను రాయమంటే అందంగా రాస్తావు. నాకు తెలిసింది ఇంతే. నిన్న ఆ చారు మూడు వేల మంది పోసుకున్నారు, అది బాగాలేదని తెలిసిన మనిషి కరివేపాకు దూస్తూ కూర్చుంది.

ఇది తెలిసింది ముగ్గురికి. నువ్వు మూడోదానివి. పోస్టులో వేస్తే మీ వార్డెన్ నాలుగోది అవుతుంది కాబట్టి దీన్ని కవరులో పెట్టి అంటించి మీ నాన్న చేతికే ఇస్తున్నాను, నీ చేతిలోనే పెట్టమని. నీకు చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను. నువ్వు ఏం చేస్తావో చూడాలని ఉంది, అంతకంటే మంచి కారణం లేదు. దీన్ని రాశావంటే నాతో పాటు మొగిలి కూడా వీధిన పడతాడు. వాడికి ముగ్గురు ఆడపిల్లలు.

రేపు గురువారం, పులిహోర. చింతపండుకి నొప్పి ఎక్కువసేపు ఉంటుంది, ఐదు ముద్దలు చాలవు. పదకొండుకి బదులు పావు తక్కువ పదకొండుకే స్టోర్‌రూమ్‌కి రమ్మని మొగిలికి చెప్పాను. మొదటి ఏడు ముద్దలు నేను తింటాను. ఎనిమిదో ముద్ద రుచి వాడికి చెబుతాను.

అత్తయ్య